వంతులక్క

మొన్న శనివారం బ్రాంప్టన్‌లో మిఠాయి షాపుకెళ్ళాం. పండగేం కాదు, ఊరికే మైసూర్‌పాక్ తినాలనిపించింది. లైను తలుపు దాకా ఉంది. నా ముందు మాత్రం మనిషి లేడు, ఉల్లిపాయల సంచి ఉంది. పది పౌన్ల ఎర్ర వల సంచి, నిటారుగా, బుద్ధిగా నిలబడి ఉంది. దాని తాలూకు పెద్దాయన పక్కన కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. లైను కదిలినప్పుడల్లా లేచి వచ్చి, సంచిని కాలితో ఒక జానెడు ముందుకి జరిపి, మళ్ళీ వెళ్ళి కూర్చుంటున్నాడు.

నా వెనకున్న అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలా ఉంది. ఈ సంచి కూడా లైన్లో ఉందా అని ఇంగ్లీషులో అడిగింది. అవును, దాని తర్వాత నేను, నా తర్వాత నువ్వు అని చాలా గంభీరంగా చెప్పాను. చెప్పిన మరుక్షణం నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగదే! పొట్ట పట్టుకుని షాపు మధ్యలో వంగిపోయాను. మా ఆయన రెండడుగులు పక్కకి జరిగి, నేనెవరో తెలియనట్టు జంతికల ప్యాకెట్లు తిప్పి చూడటం మొదలెట్టాడు. పాపం, ఆయనకేం తెలుసు. ఆయన వంతులక్కని చూడలేదు.

ఆమెకి లక్షణమైన పేరుంది. మెడలో వేలాడే ఆఫీసు కార్డు మీద ఫొటో కింద ఉండేది. ఆ పేరుతో పిలిచిన మనిషిని మాత్రం నేను చూడలేదు. మేం కొత్తగా చేరినప్పుడు, యాభై దాటిన మనిషి కదా అని అందరం "ఆంటీ" అన్నాం. రెండో రోజు మా అందరినీ పిలిచి, ఆంటీ అన్నవాళ్ళకి మాక్ ఇవ్వనని ప్రశాంతంగా చెప్పింది. అప్పటికప్పుడు అక్క అయిపోయింది. వారం తిరిగేసరికి వంతులక్క అయింది.

ఆ మాక్ ఏంటో, దానికంత గిరాకీ ఏంటో చెప్పాలి.

అప్పట్లో మన పిల్లలు కెనడాలో విమానాల కొద్దీ దిగుతున్నారు. నేనూ అలా దిగినదాన్నే, ఏలూరు నుంచి. కాలేజీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు, శని ఆదివారాలు వేర్‌హౌస్‌లో డబ్బాల మీద స్కానర్ గన్ కొట్టే పని, బ్రాంప్టన్ బేస్‌మెంట్లో ఏడుగురు ఆడపిల్లలం, ఒకటే బాత్రూమ్. చివరి సెమిస్టర్లో నాలుగు నెలలు ఏదైనా కంపెనీలో కో-ఆప్, అంటే చదువులో భాగంగా ఉద్యోగం, చేయాలి. నాకు మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు దగ్గర దొరికింది. కింద టైల్స్ గోడౌను, పైన మా ఆఫీసు. మందుల షాపుల కోసం యాప్ చేసే చిన్న కంపెనీ. ఎవరి బీపీ మాత్రలు ఎప్పటికి నిండుకుంటాయో, మళ్ళీ ఏ తారీఖున తీసుకోవాలో గుర్తుచేసే యాప్ అది.

మా పని దాన్ని పరీక్షించడం. మనం కూర్చుని నొక్కి చూడటం కాదు, మన బదులు నొక్కే ప్రోగ్రాములు రాయడం. అవే బటన్లు నొక్కుతాయి, అవే పేర్లూ తారీఖులూ టైపు చేస్తాయి. అనుకున్న జవాబు వస్తే స్క్రీన్ మీద పచ్చ, రాకపోతే ఎర్ర. యాప్ విండోస్‌లో, లైనక్స్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్లో, ఐఫోన్లో ఒకేలా పనిచేయాలి కాబట్టి ప్రతి టెస్టూ అన్నిటి మీదా నడపాలి. మేం ఆరుగురు కో-ఆప్ పిల్లలం, మాకు పని నేర్పే సీనియర్ టెస్టర్ అక్క, మాంట్రియల్ నుంచి వచ్చిన ఒక ప్రోగ్రామరమ్మాయి, మా బాసు. మొత్తం తొమ్మిది మందిమి. మిషన్లు మాత్రం రకానికి ఒకటి. అందులో ఐఫోను మరీ పెంకిది, మాక్‌కి, అంటే యాపిల్ వాళ్ళ కంప్యూటర్‌కి, తగిలిస్తే తప్ప దాని మీద టెస్టులు నడవ్వు. ఒక్కొక్కరి టెస్టులకి నలభై నిమిషాలు పడుతుంది. ఆ మధ్యలో ఇంకొకరు వేలు పెట్టారంటే ఇద్దరివీ పాడే. అందుకని రోజంతా అందరి ప్రాణమూ ఆ ఒక్క మాక్ మీదే.

వంతులు చూడటానికి కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ పెట్టింది. ఎవరి పని అర్జెంటో వాళ్ళది ముందు నడిపిస్తుందట. మనవాళ్ళ సంగతి తెలిసిందేగా, మొదటి రోజే ఆరుగురం ఆరు అర్జెంట్లు పెట్టాం. అది కాసేపు గింజుకుని పడుకుంది. అక్క దాన్ని వారం రోజులు చూసింది. తర్వాత సోమవారం దాన్ని ఆపేసి, సంచిలోంచి తొమ్మిది స్టీలు గ్లాసులు తీసింది. ఒక్కో గ్లాసు మీద ఒక్కో పేరు, గోళ్ళరంగుతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. బాసు పేరు కూడా తెలుగులోనే రాసింది. మాక్ ముందున్న పొడుగాటి బల్ల మీద వాటిని వరసగా పెట్టి, ముందున్న గ్లాసు ఎవరిదో మాక్ వాళ్ళది అంది.

చిన్నప్పుడు హైదరాబాద్‌లో వాళ్ళ బస్తీలో రోజు విడిచి రోజు నల్లా వచ్చేదట. తెల్లారేసరికే బిందెలు వరసలో ఉండేవట. బిందెల దగ్గర కాపలా కాయడం ఈమె డ్యూటీ. బిందె ఉంటే మనిషున్నట్టే. బిందె జరిపితే మనిషిని తోసినట్టే. అమెరికాలో పన్నెండేళ్ళు, ఇక్కడ ఆరేళ్ళు ఇదే పని చేస్తున్నా, తనకి వచ్చిన అసలు చదువు అక్కడిదేనని చెప్పేది. సాఫ్ట్‌వేర్ ఉండగా గ్లాసులెందుకని బాసు అడిగితే, "దానికి మొహమాటం లేదు సర్, చేతికి ఉంటది" అని ఇంగ్లీషులోకి తిప్పి చెప్పడానికి నానా తిప్పలు పడింది. మొహమాటానికి ఇంగ్లీషులో మాట దొరక్క, పదిహేను నిమిషాలు చేతులతో అభినయించింది. ఆయనకి సగమే అర్థమైంది, కానీ ఒప్పుకున్నాడు.

నిజంగానే పనిచేసింది! కంప్యూటర్లో అర్జెంటు అని నొక్కడానికి మాకు సిగ్గుండేది కాదు. పేరు రాసున్న పక్కవాడి గ్లాసుని వెనక్కి జరపాలంటే మాత్రం చెయ్యి రాదు. ఒకసారి మా బాసు అటూ ఇటూ చూసి తన గ్లాసుని రెండు గ్లాసుల ముందుకి జరిపాడు. అక్క గోడ వైపు తిరిగి పల్లీలు తింటోంది. తిరక్కుండానే, చప్పుడు విన్నానంది. పాపం ఆ మనిషి చెవుల దాకా ఎర్రబడి, గ్లాసుని ఎక్కడ నుంచి తీశాడో అక్కడే పెట్టాడు. ఆరోజు నుంచి నేను ఆమెకి భక్తురాలినైపోయాను. ఇంటికెళ్ళి మా బేస్‌మెంట్ బాత్రూమ్ బయట ఏడు ప్లాస్టిక్ మగ్గులు వరసగా పెట్టించాను. వారంలో ఏడ్పులూ అరుపులూ తగ్గిపోయాయి.

వంతు వచ్చినప్పుడు మనిషి లేకపోతే అక్క పది లెక్కపెట్టేది. పది అయ్యేసరికి రాకపోతే గ్లాసు వరస చివరికి పోతుంది. గట్టిగా, తెలుగులోనే లెక్కపెట్టేది. కానీ కారిడార్లో పరిగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు వినపడిందా, ఇక ఆ లెక్క చూడాలి. ఏడు, ఏడుంబావు, ఏడున్నర, ఏడుముప్పావు, ఎనిమిది, ఎనిమిదింబావు. మనం తలుపు తోసుకుని రొప్పుతూ లోపల పడేసరికి తొమ్మిదిముప్పావు దగ్గర ఉండేది. చాలా కష్టమ్మీద ఒప్పుకుంటున్నట్టు మొహం పెట్టి, "బతికిపోయినవ్ పో" అనేది. ఆ లెక్క కోసమే కొందరం కావాలని ఆలస్యంగా వచ్చేవాళ్ళం.

ఇంకో సంగతి. మా ల్యాబులో "అయిపోయింది" అనే మాట నిషేధం. ఎందుకంటారా? నాతోపాటు చేరిన నిజామాబాద్ అబ్బాయి ఒకడున్నాడు, మహా కంగారు మనిషి. వాడి టెస్టులు మాక్ మీద నడుస్తుండగా స్క్రీన్ స్తంభించిపోయింది. వాడు నెత్తి మీద చేతులు పెట్టుకుని "అయిపోయింది అక్కా" అన్నాడు. వాడి ఉద్దేశం, కొంప మునిగింది అని. అక్క పూర్తయింది అనుకుని, వాడి గ్లాసు తీసి నా గ్లాసు ముందుకు జరిపి, నన్ను మొదలుపెట్టమంది. నేను మొదలుపెట్టేశాను. వాడిదీ నాదీ కలిసి ఐఫోన్లో ఎవరికో నాలుగు వందల సార్లు మాత్రల రిమైండర్ వేశాయి. ఆ ఫోను మధ్యాహ్నం దాకా టింగు టింగుమంటూనే ఉంది. దాంతో అక్క రూలు పెట్టింది: పచ్చ అనాలి, లేదా ఎర్ర అనాలి, అయిపోయింది అన్నవాళ్ళు ఆరోజు గ్లాసులన్నీ కడగాలి. మొదటి వారంలో అందరికంటే ఎక్కువసార్లు కడిగింది అక్కే.

ఇప్పుడు నా కథకొస్తాను. నాలుగు నెలల కో-ఆప్ అయ్యాక మా ఆరుగురిలో ఒకరికి ఫుల్‌టైమ్ ఉద్యోగం లెటర్ ఇస్తామని బాసు మొదట్లోనే చెప్పాడు. ఏప్రిల్లో యాప్ కొత్త రిలీజు షాపులకి వెళ్తే ఒక సీటుకి బడ్జెట్ వస్తుందట. మార్చి నాటికి ఆ లెటర్ నాకేనని ఆయనే సూచనగా చెప్పాడు. నాకు ఆ లెటర్ ఎంత కావాలంటే, వేర్‌హౌస్‌లో డబ్బాల మీద గన్ కొడుతున్నప్పుడల్లా ఇంకెన్ని వారాలో మనసులో లెక్కపెట్టుకునేదాన్ని. అది రాకపోతే ఏడు రోజులూ ఆ గన్నే.

నాకు అప్పజెప్పిన టెస్టు చాలా చిన్నది. మందుల షాపతను తర్వాతి రీఫిల్ తారీఖు టైపు చేసే పెట్టె ఒకటుంటుంది. నా ప్రోగ్రాము అందులో వచ్చే నెల ఇదే తారీఖు వేసి, పెట్టెలో అదే నిలిచిందా లేదా చూడాలి. ఫిబ్రవరి మొదటి వారంలో రాశాను. అన్ని మిషన్ల మీదా పచ్చ. పండగ చేసుకున్నాను. నెల మధ్యకొచ్చేసరికి మాక్ మీద ఎర్ర. మిగతావన్నీ పచ్చే. రాసింది చెరిపి మళ్ళీ రాశాను, మళ్ళీ ఎర్ర. మార్చి ఒకటో తారీఖున ఏమీ చేయకుండానే పచ్చ. మళ్ళీ మధ్యలో ఎర్ర. మాక్ వేడెక్కుతోందని ఫ్యాన్ తెచ్చి పెట్టాం. ఎవరో పసుపు కుంకుమ పెట్టారు. నిజామాబాద్ అబ్బాయి ఫోన్లో పంచాంగం తెరిచి, ఇది కృష్ణపక్షం దెబ్బ, ఈ మిషన్ శుక్లపక్షంలోనే పనిచేస్తుందని తేల్చాడు. నేను నమ్మాను. నిజం చెప్తున్నాను, బీటెక్ చదివినదాన్ని, రెండు వారాలు నమ్మాను.

అక్క నమ్మలేదు, అలాగని నవ్వనూ లేదు. మన షాపుల్లో ఊరికే ఇచ్చే తెలుగు క్యాలెండర్ తెచ్చి మాక్ వెనక గోడకి తగిలించింది. రోజూ నా టెస్టు నడిచాక ఆ రోజు గడిలో గోళ్ళరంగుతో చుక్క పెట్టేది, పచ్చకి ఒక రంగు, ఎర్రకి ఒక రంగు. పాత రోజులవి కూడా మిషన్లో వెతికి పెట్టింది. ఏప్రిల్ మూడో వారంలో, రిలీజు రేపనగా గురువారం పొద్దున, ఆ మూడు కాగితాలు చించి పక్కపక్కన పరిచింది. పౌర్ణమి ఒక చోట, చుక్కలు మారింది ఒక చోట. మూడు నెలల్లోనూ పన్నెండో తారీఖు దాకా పచ్చ, పదమూడు నుంచి ఎర్ర.

"ఏడాదికి ఎన్ని నెలలమ్మా?" అని అడిగింది. మీటింగుందని వెళ్ళిపోయింది.

నేను అక్కడే నిలబడి ఒక్కదాన్నే గంతులేశాను. అర్థమైపోయింది. నేను తారీఖు మన అలవాటు ప్రకారం రాశాను, రోజు ముందు, నెల తర్వాత. ఐఫోను యాప్ ముందున్నది నెల అనుకుంటోంది. పన్నెండు దాకా ఏ అంకె వేసినా అది ఏదో ఒక నెలే కాబట్టి నోరు మూసుకుంటోంది. పదమూడో నెల ఉండదు కాబట్టి పదమూడు వేయగానే పెట్టె ఖాళీ చేస్తోంది. అదృష్టం కొద్దీ బాసు అటుగా వస్తే గడగడా చెప్పేశాను. ఆయన కూడా సంతోషించాడు. అయితే తప్పు యాప్‌ది కాదు నీ టెస్టుదే, ఇక్కడ నెల ముందు రాయాలి, ఐఫోను వరకు తిప్పి రాసెయ్, పచ్చ అవుతుంది, రేపు రిలీజు వెళ్తుంది, లెటర్ నా బల్ల మీదే ఉంది, సాయంత్రం సంతకం పెడతా అన్నాడు. మంచి మనిషే, మనసులో కల్మషం లేకుండా అన్నాడు. ఐఫోను యాప్ మొదట్లో రాసింది ఆయనేనని నాకు అప్పటికి తెలీదు. మిగతావన్నీ మాంట్రియల్ అమ్మాయి రాసిందట. ఆమె అలవాటు కూడా మనలాగే రోజు ముందు. పక్కపక్కన కూర్చుని రెండేళ్ళు పనిచేశారు, ఒకరినొకరు అడగలేదు.

తిప్పి రాశాను. నలభై నిమిషాలకి పచ్చ. ఆ పచ్చని చూస్తే నాకు ఎగిరి దూకాలనిపించాలి కదా? దూకలేదు. ఆకలేమో అనుకుని డబ్బాలో పులిహోర తిన్నాను. అయినా దూకబుద్ధి కాలేదు.

అక్క మీటింగు నుంచి వచ్చి పచ్చ చూసింది. ఏం చేశానని అడగలేదు. ఐఫోను నా చేతికిచ్చి, "నీ పుట్టినరోజు వెయ్యి" అంది. నాది నవంబరు ఎనిమిది. ఆలోచించకుండా ముందు ఎనిమిది కొట్టాను, తర్వాత పదకొండు. రిమైండర్ల పేజీ తెరవమంది. అందులో నెల పేరు అక్షరాల్లో ఉంటుంది. ఆగస్టు పదకొండు అని ఉంది. నా టెస్టు ఇన్నాళ్ళూ పెట్టెనే చూసింది కానీ ఈ పేజీ వైపు రాలేదు.

"నీ కోసం వేసుకుంటే ఇట్లా వేసినవ్. టెస్టులో తిప్పి రాసింది ఎవరి కోసం?"

నాకు అబద్ధం రాలేదు. "లెటర్ కోసం అక్కా" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "లెటర్ నీకు రావాలని నాకూ ఉంది. కానీ బ్రాంప్టన్‌లో మందుల షాపు కౌంటర్ల వెనక నిలబడ్డోళ్ళల్ల ఎంతమంది నీలెక్క రాస్తరో నాకంటే నీకే ఎక్కువ ఎరుక. మే నాలుగున మాత్రలు తీసుకోవాల్సిన ముసలామెకి ఏప్రిల్ ఐదున ఫోన్ మోగుతది. అప్పటికే డబ్బా నిండుగ ఉంటది, ఎందుకు మోగిందో అనుకుని ఊరుకుంటది. మేలో మోగదు." కుర్చీలోంచి లేచింది. "గ్లాసు నీది, వంతు నీది. నేను పోయి చాయ్ పెట్టుకొస్తా."

ఆమె చాయ్ పెట్టడానికి ఎప్పుడూ ఐదు నిమిషాలు పట్టేది. ఆరోజు అరగంట రాలేదు. ఆ అరగంట నేను మాక్ ముందు కూర్చుని దేవుళ్ళందరినీ తిట్టుకున్నాను, బాసుని తిట్టుకున్నాను, ఏడాదికి పన్నెండే నెలలు పెట్టినవాణ్ణి తిట్టుకున్నాను. వేర్‌హౌస్ గన్ గుర్తొచ్చింది. ఎందుకో మా అమ్మమ్మ షుగరు మాత్రలు వేసుకునే ముందు నన్ను పిలిచి, ఇవాళ తారీఖెంతే అని అడగడం గుర్తొచ్చింది. చచ్చినట్టు టెస్టు మళ్ళీ మొదట రాసినట్టే రాశాను. రిమైండర్ల పేజీ కూడా చూడమని దానికి ఇంకో లైను చేర్చాను. నడిపాను. ఈసారి ఎర్ర రావడానికి నలభై నిమిషాలు కూడా పట్టలేదు.

శుక్రవారం పొద్దున పది గంటలకి రిలీజు మీటింగు. బాసు నా ఎర్రని చూసి, నిన్న చెప్పాను కదా తిప్పమని అన్నాడు. అక్క లేచి ఐఫోన్ని గోడ మీద పెద్ద స్క్రీన్‌కి తగిలించి, అందరూ వరసగా నిలబడండి, ఒక్కొక్కరూ వచ్చి మీ పుట్టినరోజు వేసి పోండి, రెండు నిమిషాల పని అంది. ఊరికే నిలబెట్టలేదు, గ్లాసులు తెప్పించింది. గ్లాసులు లేనివాళ్ళ కోసం కింద టైల్స్ గోడౌన్ నుంచి ముగ్గుర్ని, మెట్లు తుడిచే పెద్దావిడని కాగితం కప్పులిచ్చి పైకి తీసుకొచ్చింది.

ఇక ఆ తర్వాత జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ నాకు పొట్ట నొప్పి. నిజామాబాద్ అబ్బాయిది జనవరి ఐదు, స్క్రీన్ మీద మే ఒకటి అని పడింది. గోడౌన్ నుంచి వచ్చిన పంజాబీ ఆయనది నవంబరు మూడు, మార్చి పదకొండు అయ్యింది. మాకూ మా ఊళ్ళో ఇలాగే స్కూల్లో మార్చేశారని ఆయన ఏమీ పట్టించుకోలేదు. మాంట్రియల్ అమ్మాయిది పన్నెండు దాటిన తారీఖు, వేయగానే పెట్టె ఖాళీ. తుడిచే పెద్దావిడది జులై ఏడట, ఎలా చదివినా ఒకటే, అక్క ఆవిణ్ణి మెచ్చుకుని పక్కన కూర్చోబెట్టింది. గదిలో ఒక్కొక్కరికీ కొత్త పుట్టినరోజు దొరుకుతోంది, ఒక్కోదానికీ అందరూ చప్పట్లు. ఒకడైతే బాగుంది, ఎండాకాలంలోకి వచ్చింది, ఇదే ఉంచేస్తానన్నాడు. చివర్లో బాసు వంతు. ఆయన నెల ముందు వేశాడు. సరిగ్గా వచ్చింది. ఆ గదిలో సరైన రోజున పుట్టిన మనుషులు ఇద్దరే తేలారు, ఒకరు ఆయన, ఇంకొకరు ఆ పెద్దావిడ.

అక్క ముందు నవ్వు ఆపుకుంది. తర్వాత కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత ఇక ఆమె వల్ల కాలేదు. నవ్వితే ఆమెకి చప్పుడు రాదు, మనిషి మొత్తం ఊగుతుంది. ఆమెని చూసి మేం, మమ్మల్ని చూసి గోడౌన్ వాళ్ళు, ఆఖరికి బాసు కూడా నుదురు కొట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే రిలీజు ఆపమని చెప్పాడు.

రిలీజు ఆగింది కాబట్టి బడ్జెట్ ఆగింది, బడ్జెట్ ఆగింది కాబట్టి నా లెటర్ ఆగింది. ఐఫోను యాప్ బాగుచేయడానికి రెండు నెలలన్నారు. నా కో-ఆప్ వారంలో పూర్తవుతుంది. అక్క బాసు గదిలోకెళ్ళి అరగంట మాట్లాడింది. బయటకొచ్చి నా దగ్గర ఏమీ దాచలేదు. "అడిగిన. ఇప్పుడు లేదన్నడు. తప్పు నీది కాదు, నాదీ కాదు. బాధ మాత్రం నీదే. ఏడ్వాలనిపిస్తే ఏడ్వు, తర్వాత దోశ తిందాం" అంది. ఆమె కార్లో ఏడ్చాను. ఆమె 401 హైవే మీద అందరికీ దారిస్తూ కుడివైపు లేనులో నెమ్మదిగా పోనిచ్చింది. తర్వాత రెండు దోశలు తిన్నాను. ఆమె తన దాంట్లో సగం కూడా నా ప్లేటులో వేసింది.

మే అంతా వేర్‌హౌస్. ఏడు రోజులూ కాదు కానీ ఆరు రోజులు. అక్క కాంట్రాక్టు ముగిసి కాల్గరీ వెళ్ళింది. వెళ్ళేముందు, నా పని గురించి ఎవరడిగినా రిఫరెన్స్‌గా తన నంబరే ఇవ్వమంది. అలా ఇచ్చిన వాటిలో ఒకటి స్కార్‌బరోలో ఒక ఆఫీసు. జూన్ మొదట్లో మూడు బస్సులు, ఒక సబ్వే మారి అక్కడికి రెండోసారి ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఎదురుగా ఒక పెద్ద మేడం, నెరిసిన జుట్టు, చేతిలో కాగితం. మీ రిఫరెన్స్‌తో నిన్న మాట్లాడాను, ఈ అమ్మాయిలో లోపం ఏమిటని అడిగాను, ఆవిడ చెప్పింది అలాగే రాసుకున్నాను, చదవనా అంది. చదవమన్నాను.

"ఈ అమ్మాయి తారీఖు తిరగేసి రాస్తుంది. మీరు అదొక్కటి మాత్రం బాగుచేయకండి. దానివల్ల పదకొండు మంది పుట్టినరోజులు, ఎంతమందివో మాత్రలు నిలబడ్డాయి. తన ఉద్యోగం పోతుందని తెలిసి కూడా పచ్చని ఎర్రగా మార్చిన మనిషిని నేను ఈ పనిలో పద్దెనిమిదేళ్ళల్లో ఒక్కదాన్నే చూశాను."

నాకు కళ్ళు నిండిపోయాయి. ఉద్యోగం పోతుందని నాకు తెలుసని ఆమెకి తెలుసు. ఆ అరగంట ఆమె చాయ్ పెట్టలేదు, నేనేం చేస్తానోనని కారిడార్లో నిలబడి ఉంది. నాకు అది అప్పుడే తట్టింది.

పుట్టినరోజుల సంగతేంటని మేడం అడిగింది. మొత్తం చెప్పాను, ఆవిడ నాకంటే ఎక్కువ నవ్వింది. నవ్వు తుడుచుకుంటూ ఒక ఫారం నా వైపు జరిపి, ఎప్పుడు చేరగలరో తారీఖు వేయమంది. రేపే వస్తానని రాయాలని ఉంది. మరీ అంత ఆత్రం కనపడితే బాగుండదని, మర్యాద కోసం నెల పైన గడువు పెట్టుకుని, జులై ఆరు అనుకుని వేశాను. ముందు ఆరు, గీత, తర్వాత ఏడు.

ఆవిడ ఫారం తీసుకుని చూసింది. కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

"ఇది జులై ఆరా, జూన్ ఏడా?"

"ఈ ఒక్కసారికి నెల ముందు చదవండి మేడం" అన్నాను.